తెల్లకాగితం మీద సంతకం

(ధారావాహిక: పదకొండో భాగం)

పన్నెండేళ్ళు మద్రాసులో బ్యాంకు జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడిన ఇంద్రాణి, అదే బ్యాంకు బెళుగుప్ప బ్రాంచిలో కౌంటరు వెనక కూర్చోబట్టి రెండు నెలలు దాటింది. ముప్పై ఒకటి నిండగానే కోచ్ రూతు మేడమ్ తనను వదిలించుకుందని ఆమె నమ్మకం. అందుకే ఆవిడ ఫోన్లు ఎత్తడం మానేసింది. పోయిన వారం బెంగళూరు నంబరు నుంచి పదకొండుసార్లు మోగిన ఫోను కూడా ఎత్తలేదు. ఇంద్రాణిని ఇంటికి రప్పించింది రూతు కాదని ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఒకరు మామ పుల్లన్న. రెండో మనిషి అత్త చెన్నమ్మ.

* * *

"చింతపండు పక్కన ఎవరైనా బూట్లు ఆరేస్తారా?"

మిద్దె మీద చాప పరిచి, నిన్న కొట్టిన చింతపండు ఎండబోస్తూ చెన్నమ్మ అరిచిన అరుపు వీధి దాకా వినిపించింది. పిట్టగోడ మీద తెల్లబూట్లు రెండు నోళ్ళు తెరుచుకుని ఎండకు పడున్నాయి.

కిందినుంచి ఇంద్రాణి జవాబిచ్చింది. "కడిగినవే అత్తా. సబ్బు పెట్టి కడిగినా."

"సబ్బు పెడితే బూటు పూర్ణకుంభం అయితాదా?"

"మధ్యన బారెడు ఎడం ఉండాది కదా."

"గాలికి ఎడం తెలుస్తాదా? రేపు పప్పులో వేస్తే తినేది నువ్వే."

వరండాలో పేపరు చదువుతున్న పుల్లన్న తల ఎత్తకుండానే ఒక మాట విసిరాడు. "పదకొండో నంబరు బూట్లవి. వాటిల్లో కోడి కూచుని పొదిగినా పొదుగుతాది. మీరు చింతపండు గురించి కొట్లాడుతాండారు."

"నువ్వు గమ్మునుండప్పా." అని మొగుణ్ణి నోరు మూయించి చెన్నమ్మ మళ్ళీ కోడలి మీదికి వచ్చింది. "వాసన పట్టుకుంటే ఏడాది పొడుగునా అదే వాసన."

"రెండు నెలల నుంచి నేను ఆ బూట్లు తొడగనే లేదు అత్తా. వాసన యాడ్నుంచి వస్తాది?"

"తొడగనప్పుడు మల్లా యాల కడిగినావు?"

చెన్నమ్మ పిట్టగోడ మీదికి వంగి చూసింది. ఇంద్రాణి తులసికోట పక్కన నిలబడి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నదల్లా ఆగిపోయి, తన చేతుల వైపే చూసుకుంటోంది. అయిదడుగుల పదకొండంగుళాల మనిషి. చీర కట్టినప్పుడల్లా పాదాల దగ్గర నాలుగు వేళ్ళు పొట్టిగా ఉంటుంది.

"ఊరికే." అంది చివరికి. మెట్లెక్కి వచ్చి, బూట్లు రెండూ లేసులతో పట్టుకుని దించుకుపోయింది. తొమ్మిదీ నలభైకి బ్యాంకుకు వెళ్ళిపోయింది.

పంతం నెగ్గిన మనిషికి ఉండాల్సిన హుషారు చెన్నమ్మకు లేదు. చింతపండు మీద చెయ్యి ఆడిస్తూ చాలాసేపు మిద్దె మీదే కూర్చుంది. మార్చి సగమైనా కాలేదు, అప్పుడే మిద్దె కాళ్ళు కాలుస్తోంది. యాభై ఎనిమిదేళ్ళకు మోకాళ్ళు ఎండకీ, మెట్లకీ, మనవరాలు చాందిని పరుగులకీ ఓర్చుకోవడం ఎప్పుడో మానేశాయి. చాందినికి తొమ్మిది నెలలప్పుడు పాలు మాన్పించి, తల్లి మళ్ళీ ఆటకు వెళ్ళింది. ఏడేళ్ళు. జడలు, పేలు, బడి, కలరా సూది, కన్ను వాపు, రెండో ఎక్కం. తల్లి ఏడాదికి నాలుగుసార్లు వచ్చి, పిల్లకు కొత్త గౌన్లు తొడిగి, వెళ్ళేది.

అలా వచ్చిన ప్రతిసారీ ఇంద్రాణి ఇంకొక పని కూడా చేసి వెళ్ళేది. పది తెల్లకాగితాల అడుగున సంతకాలు పెట్టి ఇచ్చేది. అది ఆ ఇంటి పద్ధతి. ఆ ఇంటిదే కాదు, ఊళ్ళో భూమి ఉన్న సగం ఇళ్ళ పద్ధతి. పెళ్ళినాడు నాలుగెకరాల చెనిక్కాయల చేను కోడలి పేరున రాశారు. డ్రిప్పు పైపులకనీ, పంట బీమాకనీ ఎప్పుడు ఏ అర్జీ పెట్టాలో తెలియదు. మనిషేమో మద్రాసులో. అందుకని సంతకాలు ముందే ఉండాలి, రాత తర్వాత వస్తుంది. ఆ కాగితాలు బీరువాలో పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవరులో ఉండేవి. తాళం చెన్నమ్మ నడుముకి.

పోయిన వినాయక చవితి తర్వాత చాందినికి తొమ్మిది రోజులు జ్వరం. రక్తంలో కణాలు పడిపోతున్నాయని అనంతపురం ఆసుపత్రిలో పెట్టారు. తల్లి అప్పుడు గుజరాత్‌లో టోర్నమెంటులో ఉంది. సెమీఫైనల్ అయ్యేదాకా చెప్పొద్దని కొడుకు కిరణే అన్నాడు. ఎనిమిదో రోజు వచ్చింది, పదో రోజు దాకా పిల్లను ఒళ్ళోంచి దించలేదు, ఇరవయ్యో రోజుకు మళ్ళీ మద్రాసు బస్సు ఎక్కింది. ఆ బస్సు మలుపు తిరగకముందే చెన్నమ్మ ఇంట్లోకి వచ్చి బీరువా తెరిచింది.

తప్పు చేస్తున్నానని అనుకోలేదు. లైన్‌మన్ తిప్పేష్ కుందుర్పి నుంచి సొంతూరికి బదిలీ వేయించుకున్నాడు. హైస్కూలు టీచరమ్మ అనంతపురం పార్టీ పెద్దాయన లెటర్ పెట్టించుకుని మొగుడి ఊరికి వచ్చింది. ఉద్యోగమన్నాక ఎక్కడైనా ఉద్యోగమే. మద్రాసులో లెక్కపెట్టే నోట్లు బెళుగుప్పలో లెక్కపెడుతుంది. ఆట సంగతి ఆమె తలపుకు రాలేదు. వచ్చినా, ఈ వయసులో నేడో రేపో అదే ఆగిపోతుందిలే అనుకుంది. సంతకమున్న తెల్లకాగితం ఒకటి తీసి, అర్జీలు రాసే కుళ్ళాయప్ప చేత దాని మీద ఇంగ్లీషులో బదిలీ అర్జీ టైపు చేయించారు. పుల్లన్న అనంతపురం వెళ్ళి, ఆ పెద్దాయన ఉత్తరం ఒకటి పైన పెట్టించాడు. మూడు నెలల్లో పని అయిపోయింది.

* * *

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఇంటి ముందు కర్ణాటక నంబరు కారు ఆగింది. దిగిన మనిషికి యాభై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుంది. గుమ్మం ఎత్తుగానే ఉన్నా, అలవాటుకొద్దీ తల వంచి లోపలికి వచ్చింది.

"ఇంద్రాణి ఇల్లు ఇదే కదా అక్కా?"

"ఇదే. మీరెవరు తల్లీ?"

"రూతు. సొంతూరు గుంతకల్లు. మద్రాసులో మీ కోడలికి ఆట నేర్పినదాన్ని."

చెన్నమ్మ కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, ప్రయాణం గురించి అడిగింది. పుట్టపర్తిలో ఆటగాళ్ళ క్యాంపు పెట్టామని, పొద్దున అక్కడ బయలుదేరానని రూతు చెప్పింది. ఆ మాటల్లోనే, నాలుగు సందుల అవతల ఉన్న బ్యాంకు నుంచి భోజనానికి ఇంద్రాణి వచ్చింది. చెప్పులు విప్పుతూ చూసి, ఒక చెప్పుతోనే నిలబడిపోయింది.

"ఎందుకొచ్చినారు మేడమ్?"

"నువ్వు ఫోను ఎత్తింటే రాను."

"వయసైపోయినోళ్ళ ఇంటికి ఇంత దూరం రావడం దేనికి?"

"ఎవరే అన్నింది నీకు వయసైపోయిందని?"

"ఎవరూ అననక్కరలేదు. తీసేస్తే తెలీదా?"

"నేను తీసేసినానా? నేనా?" రూతు గొంతు పెద్దది, మైదానంలో అలవాటైన గొంతు. గూట్లోంచి పిచ్చుక లేచిపోయింది. "రాసిచ్చి పోయింది నువ్వు. ఒక్క మాట చెప్పకుండా. పంతొమ్మిదేళ్ళ పిల్లగా రైల్వే జట్టు నుంచి నిన్ను మాట్లాడి తెచ్చుకున్నా. పెళ్ళికి నెల సెలవు ఇప్పించినా. కాన్పయినాక మళ్ళీ పరిగెత్తించినా. నాకు ఒక్క మాట చెప్పబుద్ధి కాలేదు నీకు. జట్టులో పిల్లలంతా నేనే నిన్ను తరిమినానని నా మొగం చూడలేదు పది రోజులు."

"నేనేం రాసిచ్చినా?"

రూతు సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసి టీపాయి మీద పెట్టింది. "హెడ్డాఫీసులో ఫైలు తీయించి చూసినా. కుటుంబ కారణాల వల్ల ఊరికి దగ్గరగా వేయాలంట. ఆటలో కొనసాగే ఉద్దేశం ఇంక లేదంట. ఆ మాటకు కింద గీత కూడా కొట్టినారు."

ఆ చివరి వాక్యం చెన్నమ్మ మొదటిసారి వింటోంది.

ఇంద్రాణి కాగితం అందుకుంది. ఆమె కళ్ళు వరుస వెంబడి వరుస దిగడం చెన్నమ్మ చూసింది. అడుగుకు వచ్చి ఆగడం చూసింది. పైనంతా ఇంగ్లీషు. అడుగున గుండ్రటి తెలుగు అక్షరాలు. బ్యాంకులో ఇంద్రాణి ఇంగ్లీషులో సంతకం చేస్తుంది. భూమి కాగితాల మీద మాత్రం పాసుపుస్తకంలో ఉన్నట్టు తెలుగులో చేస్తుంది.

ఇంద్రాణి తలెత్తింది. రూతు వైపు కాదు, వంటింటి గడప దగ్గర నిలబడ్డ అత్త వైపు చూసింది. చెన్నమ్మ చూపు తిప్పుకోలేకపోయింది.

"నాదే సంతకం మేడమ్." అంది ఇంద్రాణి. "చెప్పకుండా రావడం తప్పే."

రూతు ఇద్దరినీ చూసింది. "ఇంగ్లీషు ఉత్తరం కింద తెలుగు సంతకం. పైన పెద్దోళ్ళ లెటర్ ఉంటే ఆఫీసోళ్ళు చూడకపోవచ్చు. నేను కోచ్‌ని, గుడ్డిదాన్ని కాదు." ఆ పైన రెట్టించలేదు. గొంతు తగ్గించింది. "మన జట్టు ఇప్పుడు జట్టు కాదులే. బంతి నడిపించే గార్డు పిల్ల కేరళకు పోయింది. కవలలిద్దరూ ఛత్తీస్‌గఢ్ జట్టుకు పోయినారు, ఇంటి అద్దె కూడా ఇస్తామన్నారంట. మిగిలినోళ్ళు కాంట్రాక్టు పిల్లలు, సీజనుకొక ఊరు. నేనూ వదిలేసినా. మహిళల లీగు కొత్తగా పెడతాండారు, బెంగళూరు జట్టు నాకిచ్చినారు. రెండు సీజన్లకు నువ్వు కావాల."

"నా మోకాలు తెలిసి కూడానా?"

"నీ మోకాలు నీకంటే నాకు బాగా తెలుసు. ఆటకు పన్నెండు నిమిషాలు చాలు. పొడుగు పిల్లలు నాకు నలుగురు ఉండారు. బంతి రింగుకు తగిలి యాడికి వస్తాదో ముందే పోయి నిలబడే పిల్ల ఒక్కతీ లేదు. అది నేర్పితే వచ్చేది కాదు, నీ పక్కన ఆడితే వస్తాది."

ఇంద్రాణి చెయ్యి తెలియకుండానే మోకాలి మీదికి పోయింది.

"ఉద్యోగం వదలాల్సిన పని లేదు." అంది రూతు. "అభ్యంతరం లేదని బ్యాంకు ఒక్క కాగితం ఇస్తే, సీజను నాలుగు నెలలూ సెలవు మీద ఆడొచ్చు. అయితే ఆట మానేసినానని రాసిచ్చినోళ్ళకు ఆ కాగితం ఇయ్యరు. ఆ ఉత్తరం నాది కాదని నువ్వు తేల్చాల. లేదంటే రాజీనామా ఇచ్చి రావాల. సోమవారం సాయంత్రం అయిదుకు పేర్లు మూసేస్తారు. ఈ రోజు గురువారం."

"అన్నం తిని పోండి." అంది చెన్నమ్మ. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"తినేదానికి ఇప్పుడు కూర్చోలేను అక్కా. ఏమనుకోవద్దు." రూతు మళ్ళీ తల వంచి గుమ్మం దాటింది.

* * *

కారు వెళ్ళాక ఇంద్రాణి వంటింట్లోకి వచ్చింది. గూట్లోంచి కంచం తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"బీరువాలో ఇంకా ఎన్ని ఉండాయి అత్తా?"

"ఏమి?"

"నా సంతకాలు."

"ఆరు."

"తే."

చెన్నమ్మ తాళం తీసి కవరు తెచ్చి ఇచ్చింది. ఇంద్రాణి కాగితాలు లెక్కపెట్టి, మడిచి, బ్యాగులో పెట్టుకుంది.

"చింపేస్తావా?"

"చింపేదానికి కూడా ఓపిక లేదు."

ఆ మాట కంటే తనను తిట్టినా బాగుండునని చెన్నమ్మ అనుకుంది. "ఆట మానేస్తానని రాయమని నేను చెప్పలేదు, ఇంద్రాణీ. ఊరికి దగ్గరగా వేయమని రాయమన్నా, అంతే. గట్టిగా ఉండాలని కుళ్ళాయప్ప కలిపినాడేమో. నాకు ఇంగ్లీషు రాదు కదా."

"తెలుగులో రాసింటే?"

తెలుగులో రాసి ఉంటే చెన్నమ్మ చదివేది. చదివి, కాసేపు ఆలోచించి, అలాగే పంపేది. అది తనకు తెలుసు. ఎదురుగా ఉన్న మనిషికీ తెలిసిపోయింది.

"ఊరికి తెచ్చినందుకు కాదు అత్తా." ఇంద్రాణి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కాళ్ళు చాపితే వంటిల్లు సగం నిండిపోయింది. "రెండు నెలలు ఆమెను తిట్టుకున్నా. మోకాలు చూసుకుని, నిజమే కదా, అయిపోయినా కదా అనుకున్నా. ఎవురికీ అక్కరలేదని అనుకుంటా ఆ కౌంటర్లో కూచున్నా. నన్ను నా చేత అట్లా అనిపించినావు. అదీ నువ్వు చేసింది."

"జరం తొమ్మిది రోజులు ఉన్నింది." అంది చెన్నమ్మ. స్టవ్ వైపు తిరిగి మాట్లాడింది, మొహం చూపించడం ఇష్టం లేక. "ఆరో దినం పిల్ల కండ్లు మూసుకుని అమ్మా అనింది. నా చెయ్యి పట్టుకుని. నేను ఊ అన్నా. నేను కాదని చెప్తే మల్లా ఏడుస్తాదని ఊ అన్నా. నాకూ ఓపిక అయిపోయింది ఇంద్రాణీ. నిన్ను అడిగితే నువ్వు వచ్చేదానివి కాదు."

"అడిగి చూడాల్సింది."

గోడ గడియారం రెండు కొట్టింది. బయట ట్యాంకరు వచ్చినట్టుంది, బిందెల చప్పుడు మొదలైంది.

"ఆమె ముందర నాదే అని యాల చెప్పినావు?" అడిగింది చెన్నమ్మ.

"ఇంటి మాట బయటోళ్ళ ముందర పెట్టొద్దని నువ్వే కదా నేర్పినావు." ఇంద్రాణి లేచి, మొహం కడుక్కుని, ఏమీ తినకుండానే బ్యాంకుకు వెళ్ళిపోయింది.

పుల్లన్న మూడింటికి ఇంటికి వస్తే చెన్నమ్మ అంతా చెప్పింది. ఆయన తలుపు దగ్గరగా వేసి మరీ మాట్లాడాడు.

"ఆ పిల్ల ఉత్తరం నాది కాదు అంటే ఏమైతాదో తెలుసునా? దొంగ అర్జీ మీద పెద్దాయన లెటర్ పెట్టించినట్టు తేలుతాది. జడ్పీటీసీ టికెట్టు నాకే అని ఈ ఆదివారం మాట అనుకుంటాండారు. ముప్పై ఏండ్లు జెండా మోసినా. గమ్మునుండు. రెండు దినాలు పోతే అదే సర్దుకుంటాది."

"ఆ పిల్ల రాజీనామా ఇస్తే?"

"బ్యాంకు ఉద్యోగానికా? ఈ కరువు సీమలోనా? ఇయ్యదు. తెలివైంది."

* * *

రాత్రి ఏడున్నరకు హాల్లో కంచాలు పెట్టారు. సంగటి, పప్పు, ఊరిమిండి పచ్చడి. కల్యాణదుర్గంలో డ్రిప్పు పైపుల అంగడి మూసి వచ్చిన కిరణ్ తండ్రి పక్కన కూర్చున్నాడు. అతనికి ఏమీ తెలియదు. బోరు మోటారు కాలిపోయిన రైతు ఎవరో అరువు అడిగాడని చెబుతున్నాడు. చాందిని సంగటి ముద్దకు గుంత పెట్టి అందులో నెయ్యి పోయమంటోంది.

"ఒక మాట." అంది ఇంద్రాణి.

పుల్లన్న నమలడం ఆపాడు.

"రూతు మేడమ్ వచ్చినారు మధ్యాన్నం. బెంగళూరు జట్టుకు ఆడమని పిలిచినారు. నేను పోవడం లేదు. ఈడే ఉంటా."

కౌంటర్లో కూర్చుని, సర్వర్ పనిచేయడం లేదు రేపు రండి అని చెప్పే గొంతు అది. కిరణ్ ఆశ్చర్యంగా చూశాడు. "రూతు మేడమా? నిన్ను తీసేసింది ఆమే కదా? మల్లా పిలిచేదేంది?"

"అదంతా ఎందుకులే."

"మంచి మాట పాపా." పుల్లన్న భుజాలు కిందికి దిగాయి. "ఇల్లు, పిల్ల, ఉద్యోగం. ఇంకేం కావాల మనిషికి? పప్పు వేయి చెన్నమ్మా."

"ఇంక ఎప్పటికీ పోవా అమ్మా?" చాందిని అడిగింది.

"పోను."

పిల్ల నేతి చేత్తోనే తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. ఇంద్రాణి పిల్ల వీపు నిమిరింది. చూపు మాత్రం ఎదుటి గోడ మీదే ఉంది.

ఏడేళ్ళుగా వినాలనుకున్న మాట చెన్నమ్మ విన్నది. గరిటె పప్పుగిన్నెలోనే వదిలేసింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగి, అందరూ తిన్నాక తినే మనిషి, తనూ ఒక కంచం ముందుకు లాక్కుంది. సంగటి పెట్టుకుంది. పప్పు పోసుకుంది. ఒక ముద్ద తిని, నీళ్ళు తాగింది.

"సోమవారం బ్యాంకు తెరిచే యాలకు నేను మద్రాసు హెడ్డాఫీసులో ఉంటా." అంది.

"ఏమి మద్రాసు?" పుల్లన్న నవ్వబోయాడు. "పుట్టపర్తి దాటి పోయినావా ఎప్పుడైనా?"

"పోలేదు. ఇప్పుడు పోతా. ఏడో తరగతి చదివినా, తెలుగు రాస్తా. కోడలు సంతకం పెట్టిన తెల్లకాగితం బీరువాలోంచి తీసిచ్చింది నేను. దాని మీద అర్జీ రాసింది కుళ్ళాయప్ప. పైన లెటర్ పెట్టించింది నా మొగుడు. ఆ పిల్లకు ఏమీ తెలీదు. ఇదే రాసి, కింద నా సంతకం పెట్టి ఇస్తా."

కిరణ్ తండ్రి వైపు తిరిగాడు. "నాయనా? ఏమి చెప్తాండాది అమ్మ?"

"టికెట్టు పోతాది." అన్నాడు పుల్లన్న పెళ్ళాంతో, చాలా నెమ్మదిగా. "ఆదివారం అనుకుంటారని చెప్తి కదే నీకు."

"విన్నా."

"వద్దు అత్తా." ఇంద్రాణి పిల్లను పక్కకు జరిపింది. "మామను బజార్లో పెట్టి నేను ఆడాల్సిన పని లేదు. చెప్పినా కదా, ఈడే ఉంటానని."

"నిన్ను ఎవరడిగినారు?" చెన్నమ్మ గొంతులో కోపం లేదు, అలుపే ఉంది. "రప్పించేటప్పుడు అడగలేదు. పంపించేటప్పుడూ అడగను."

పుల్లన్న కంచం తోసేశాడు. ఎంగిలి చేత్తోనే కిటికీలో ఉన్న ఫోను అందుకుని, అనంతపురం పెద్దాయన నంబరు నొక్కాడు. అవతల మోగుతున్న చప్పుడు హాల్లో అందరికీ వినిపిస్తోంది.

చెన్నమ్మ రెండో ముద్ద కలుపుకుంటూ ఎడమచెయ్యి చాపింది.

"ఎత్తినాక నాకియ్యి. ఆయన పేరు కూడా రాయాల్సి వస్తాది. ముందుగా చెప్పి రాయడం మర్యాద."

అవతల ఫోను ఎత్తారు.